రమాదేవి కారులో ఆరని దీపం

రమాదేవిగారికి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. సైన్సు కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ఇరవై ఒక్క ఏళ్ళుగా బి.ఎస్సీ. పిల్లలు ఈ సంగతి తమ తర్వాత వచ్చేవాళ్ళకి చెప్పి మరీ వెళుతున్నారు. "మేడం అరుస్తుంటే భయం లేదు. మెల్లగా మాట్లాడిందా, చేతిలో ఉన్న టెస్ట్‌ట్యూబు స్టాండులో పెట్టి బయటికి నడువు" అని.

1999 మే నెలలో ఒక గురువారం నుంచి ఆదివారం సాయంత్రం దాకా ఆవిడ గొంతు ఒక్కసారీ పైకి లేవలేదు. తార్నాకలో ఆవిడ ఉండే వీధి మొత్తానికి ఆ నాలుగు రోజులూ ఉక్కపోతగా ఉండింది. ఎండవల్ల మాత్రమే కాదు.

గొడవంతా కారు గురించి. ఆ కారు ఆవిడది. ల్యాబ్ అసిస్టెంటుగా యూనివర్సిటీ సొసైటీలో తన పేరు మీద అప్పు తీసుకుని, ఉగాదికి రెండు నెలల ముందు కొన్నది. నలభై నాలుగేళ్ళ వయసులో క్యాంపస్ రోడ్ల మీద డ్రైవింగ్ నేర్చుకుంది. మొదటి వారంలో సొంత కాంపౌండు గేటును గుద్దింది. గేటు ఇప్పటికీ కొంచెం వంగే ఉంది. రెండో వారం నుంచి ఇంటికీ కాలేజీకీ మధ్య ఆ మూడు కిలోమీటర్లూ రాణిలాగా తిరిగింది. భర్త ఓబులేసుగారు అదే యూనివర్సిటీ పరీక్షల విభాగంలో సూపరింటెండెంటు. ఆయనకు డ్రైవింగ్ రాదు, స్కూటరే. అయితే కారుకు గాలి కొట్టించడం, కడగడం, పెట్రోలు పోయించడం అన్నీ తన బాధ్యతగా పెట్టుకున్నాడు. పొద్దున్నే బనీనుతో బకెట్టు పట్టుకుని కారు తుడుస్తుంటే, దూడను కడుగుతున్నట్టు ఉండేది.

మే నెల మొదట్లో డాష్‌బోర్డు మీద పసుపు రంగు దీపం వెలిగింది. చిన్న ఇంజను బొమ్మ. వెలిగినది ఆరలేదు. పది రోజుల్లో కారు దగ్గడం మొదలుపెట్టింది. ఒకనాడు తార్నాక సిగ్నల్ దగ్గర ఆగిపోయి, మళ్ళీ స్టార్టు చేస్తే వెనక నుంచి నల్లటి పొగ లేచింది. పక్కన ఆగిన సిటీ బస్సు కండక్టరు మెట్టు మీద నుంచి వంగి, "ఏందక్కా, పొయ్యి మీద అన్నం బెట్టి మర్శిపోయొచ్చినవా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. పక్క సీట్లో ఉన్న ఓబులేసుగారు కిటికీ అద్దం పైకి తిప్పేశాడు.

గురువారం ఇద్దరూ కలిసి సర్వీస్ సెంటరుకు వెళ్ళారు. అక్కడ హేమంత్ అనే కుర్ర ఇంజనీరు ఏదో వైరు తగిలించి చూసి, "ఆక్సిజన్ సెన్సార్ పోయింది సార్" అన్నాడు. బొటనవేలంత వస్తువు. ఇంజను వదిలే పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో కనిపెట్టి, పెట్రోలు ఎంత పంపాలో కారులోని కంప్యూటరుకు చెప్పడం దాని పని. అది చచ్చిపోతే కంప్యూటరు గుడ్డిగా పెట్రోలు కుమ్మరిస్తుంది. అందుకే పొగ.

"మార్చండి మరి" అంది రమాదేవి.

"స్టాకు లేదు సార్. తెప్పియ్యాలంటే నెల పడతది. ఏసినా మళ్ళ పోదని గ్యారంటీ లేదు." అడిగింది ఆవిడ, జవాబు మాత్రం ఓబులేసుగారికి.

"ఆ సెన్సార్ ఎక్కడైనా దొరికితే నేను మార్చుకోవచ్చా?"

హేమంత్ నవ్వాడు. "కుక్కర్ గాస్కెట్ అనుకుంటున్నరా మేడం? సార్, మీరన్నా చెప్పుండ్రి."

ఓబులేసుగారు చెప్పలేదు సరికదా, తనూ కొంచెం నవ్వాడు. రమాదేవి గొంతు తగ్గింది ఆ క్షణాన్నే.

ఆ రాత్రి అన్నం తింటూ ఓబులేసుగారు మజ్జిగ గిన్నె వైపు చూస్తూ చెప్పాడు. భార్యను 'మే' అని పిలవడం ఆయన సీమ అలవాటు.

"అమ్మేస్తాండా మే."

"ఏది?"

"కారు. మా సెక్షన్లో గిరీష్‌కు మాటిచ్చినా. ఆదివారం అయిదింటికి వస్తాడు, విద్యానగర్ నుంచి."

"ఎవరి కారు?"

"మన కారే."

"నన్నడిగినారా?"

"అడిగేదేముంది రమా? నాలుగు రోడ్ల మధ్యలో పొగబెట్టి నిలబెట్టింది. ఎవడెవడో నవ్వె. పాడయ్యే బండిని ఎన్నాళ్ళు మోస్తాం? మాటిచ్చేసినా, అంతే."

రమాదేవి మజ్జిగ గిన్నె ఆయన ముందు నుంచి తన ముందుకు జరుపుకుంది. ఎంత మెల్లగా అడిగిందంటే ఆయన వంగి వినాల్సి వచ్చింది.

"ఆదివారం అయిదింటికి ఆ దీపం ఆరిపోయుంటే?"

"ఆరదు."

"ఆరితే?"

"ఆరితే అమ్మను పో."

ఆ రాత్రే ఆవిడ మద్రాసులో చదువుకుంటున్న కూతురు నవ్యకు ఫోను చేసింది. శుక్రవారం పొద్దున్న నవ్య మౌంట్‌రోడ్డు మీద కొట్టులన్నీ తిరిగి సెన్సార్ కొని, ఆ సాయంత్రమే హైదరాబాదు రైలెక్కుతున్న స్నేహితురాలి చేతికిచ్చింది. శనివారం పొద్దున్నే సికింద్రాబాదు స్టేషన్లో రమాదేవి చేతికి ఒక చిన్న అట్టపెట్టె వచ్చింది. ఈలోగా శుక్రవారమే ఆవిడ ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపుకు వెళ్ళి, అక్కడి పాత ఫిట్టరు వెంకటస్వామిని పట్టుకుంది. సెన్సారుకు తోకలాగా వైరు ఉంటుంది. మామూలు బాక్సు పానా దాని మీదికి ఎక్కదు. వైరు బయటికి వచ్చేలా పానాకు పక్కన చీలిక కోయాలి.

"గిది నీకెందుకమ్మా?" అన్నాడు వెంకటస్వామి, పానా వైసుకు బిగించి.

"కారుకు."

"సారు ఇప్పుతడా?"

"సారుకు బల్బు మార్చడం రాదు."

వెంకటస్వామి ఇంకేమీ అడగకుండా చీలిక కోసి, అంచులు ఆకురాయితో నునుపు చేసి ఇచ్చాడు. "ఇంజను జర వేడి జేసి ఇప్పు. సల్లగుంటే కదలది. మరీ కాలుతుంటే చెయ్యి పోతది" అని మాత్రం చెప్పాడు. అప్పటిదాకా ఆ విషయంలో ఆవిడతో మనిషిలాగా మాట్లాడినవాడు ఆయనొక్కడే.

శనివారం తొమ్మిదింటికి కాంపౌండులో బానెట్టు తెరిచేసరికి వీధిలో మగవాళ్ళందరికీ ఆ గోడ దగ్గరే పని పడింది. ఒకాయన పేపరు చదువుతున్నాడు. ఇంకొకాయన చెట్లకు నీళ్ళు పోస్తున్నాడు, గోడకవతల తన చెట్లేమీ లేకపోయినా.

"అమ్మా, ముందు బ్యాటరీ చూడుండ్రి."

"ప్లగ్గులండీ, ప్లగ్గుల దోషమే అది."

"ఎడమకు కాదు, కుడికి తిప్పుండ్రి."

రమాదేవి పాత కాటన్ చీర కొంగు నడుముకు దోపుకుని, ఇంజను అయిదు నిమిషాలు నడిపి ఆపింది. వైరు క్లిప్పు ఊడదీసింది. చీలిక పానా తొడిగి లాగింది. కదల్లేదు. సెన్సారు మర దగ్గర రెండు చుక్కలు కిరసనాయిలు వేసి, అవి ఇంకేదాకా ఆగి, ఈసారి పానాకు ఇనప గొట్టం తగిలించి లాగింది. కిర్రుమంది. మోకాలు బంపరుకు కొట్టుకుంది. పేపరాయన "అయ్యో" అన్నాడు. ఆవిడ తలెత్తి ఆయన వైపు చూసేసరికి ఆయనకు లోపల ఏదో పని గుర్తొచ్చింది.

ఓబులేసుగారు వరండాలో కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. "చెయ్యి కాల్చుకుంటావు మే" అన్నాడు ఒకసారి. ఆ మాటలో బెంగే ఉంది పాపం. ఆవిడ తలెత్తకుండా పానా మీద ఇంకోసారి బరువు వేసింది.

సెన్సార్ ఊడి చేతికొచ్చింది. దాని ముక్కు మసిపట్టి నల్లగా ఉంటుందని ఆవిడ అనుకుంది. నల్లగా లేదు. బూడిదరంగులో, పూత పూసినట్టు మెరుస్తోంది.

రమాదేవి దాన్ని ఎండలో అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది. కొత్త సెన్సార్ పెట్టెలోనే ఉంచి, పాతదాన్ని రుమాల్లో చుట్టి, ఆటో ఎక్కి ల్యాబుకు వెళ్ళిపోయింది. వేసవి సెలవులు. స్టోరు తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంటుంది.

ఇరవై ఒక్క ఏళ్ళలో ఆవిడ పిల్లల చేత కొన్ని వేలసార్లు చేయించిన పరీక్ష అది. బూడిద పొర గీకి, నైట్రిక్ ఆమ్లంలో వేసి వేడిచేసింది. చల్లార్చి, పొటాషియం అయొడైడ్ రెండు చుక్కలు వదిలింది. టెస్ట్‌ట్యూబులో పసుపు విచ్చుకుంది. నిఖార్సయిన, చామంతి పసుపు.

సీసం.

ఆ కారుకు సీసం కలిసిన పెట్రోలు విషం. కారుతో ఇచ్చిన పుస్తకంలో మొదటి పేజీలోనే రాసి ఉంది. సిటీలో సీసం లేని పెట్రోలు వచ్చి ఏడాది కావస్తోంది. తార్నాక బంకులో ఆకుపచ్చ బోర్డు పెట్టి మరీ అమ్ముతున్నారు. అదొక్కటే పోయించమని కారు కొన్ననాడే ఓబులేసుగారికి చెప్పింది. అంటే ఆకుపచ్చ బోర్డు పెట్టి సీసం పోస్తున్నారన్నమాట!

మధ్యాహ్నం ఒంటిగంటకు, మండే ఎండలో, చేతిలో బిరడా పెట్టిన టెస్ట్‌ట్యూబుతో, ముఖాన గ్రీజు మరకతో రమాదేవి బంకులోకి నడిచింది. అక్కడ పంపు దగ్గర ఉండేది సామేలు. యాభై ఏళ్ళ మనిషి, మెడలో చిన్న సిలువ, ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు. వరసలో ఏడెనిమిది స్కూటర్లున్నాయి.

"ఇదేమిటో తెలుసా సామేలూ?"

సామేలు టెస్ట్‌ట్యూబు వైపు చూశాడు. "మందా అమ్మా?"

"సీసం. మీ ఆకుపచ్చ పంపులోంచి నా కారులోకి వచ్చిన సీసం. సీసం లేనిదని బోర్డు రాసి, సీసం పోసి, నా బండిని చంపినారు. రేపు దాన్ని అమ్ముకుంటున్నాను మీ పుణ్యమా అని. ఓనరును పిలువు. ఈ ట్యూబు కలెక్టరు బల్ల మీద పెడతాను."

స్కూటర్లవాళ్ళు ఇంజన్లు ఆపేశారు. ఒకతను తన ట్యాంకు మూత మెల్లగా మూసుకున్నాడు. సామేలు చేతిలో గొట్టం తగిలించి, చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"అమ్మా, గా తెల్ల కారే కదా మీది?"

"అదే."

"గా కారు మా బంకుల పెట్రోలు దాగక మూడు నెలలైతున్నదమ్మా."

"ఏంటి?"

"సారు తన స్కూటరుకు పోయించుకుంటడు, రెండు దినాలకోపారి. కారును మీరు తోలుకొస్తరు, సారు దిగి హవా కొట్టిచ్చుకుంటడు, గంతే. మొదట్ల నేనే అడిగిన, కారుకు పొయ్యాల్నా సార్ అని. 'మా ఇంట్ల ఉన్నదిలే' అన్నడు."

వరసలోంచి ఎవరో, "ఇంట్ల పెట్రోలా? బాయి తవ్విన్రా ఏంది?" అన్నారు.

మూడు నెలలుగా ఆవిడ కాలేజీ నుంచి రాగానే తాళంచెవి కొక్కేనికి తగిలించేది. పొద్దున్నకు పెట్రోలు ముల్లు నిండుగా ఉండేది. భర్త ఏ వేళప్పుడు డబ్బాలో పోయించుకొచ్చి నింపుతున్నాడో ఆవిడెప్పుడూ అడగలేదు. ఇప్పుడు బంకు మధ్యలో నిలబడితే, ఇంట్లో మెట్ల కింద ఉండే డబ్బాలు ఒక్కొక్కటీ కళ్ళ ముందుకు వచ్చాయి. ప్రొద్దుటూరులో ఆవిడ సొంత అన్నకు పెట్రోలు బంకుంది. నెలకోసారి ఆయన లారీ డ్రైవరు చేత రెండు డబ్బాలు పంపుతాడు. ఒకదాంట్లో గానుగ శనగనూనె. రెండోదాంట్లో, బావగారి స్కూటరుకని, పెట్రోలు. సీసం కలిసిన పెట్రోలు. అక్కడికి ఇంకో రకం ఇంకా రాలేదు.

రమాదేవి టెస్ట్‌ట్యూబు హ్యాండుబ్యాగులో వేసుకుంది. వెనక్కి తిరిగి నడుస్తుంటే వీపు మీద ఎనిమిది స్కూటర్ల చూపులు గుచ్చుకున్నాయి. అందరి ముందూ సామేలును అన్నదానికి వెంటనే తప్పయిందని చెప్పాలని నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు. ఆ కోపం కూడా ఓబులేసుగారి ఖాతాలోకే పోయింది.

ఆయన ఇంట్లో నడుం వాల్చి ఉన్నాడు.

"లేవండి."

ఆ గొంతు విని ఆయన లేచి కూర్చోలేదు, లేచి నిలబడ్డాడు.

"మెట్ల కింద డబ్బాలో పెట్రోలు దేనికి పోస్తున్నారు?"

"ఎందుకు?"

"స్కూటరుకా, కారుకా?"

ఓబులేసుగారు తప్పు చేసినవాడిలా లేడు. పైగా చిన్నగా నవ్వాడు, దాచిన మంచిపని బయటపడినట్టు. "కారుకే మే. నా స్కూటరుదేముంది, ఈడ దొరికే కల్తీదే పోస్తాండా. మీ అన్న పంపే మంచిది ఒక్క చుక్క కూడా స్కూటరుకు వాడల్యా. అంతా నీ కారుకే."

"సీసం లేనిదే పోయాలని చెప్పినానా లేదా?"

"చెప్పినావులే. సీసం తీసేసినాక దాంట్లో ఏముంటాది? మీగడ తీసేసిన పాలు. నీ బండికి అట్లాంటిది పోసేదానికి నాకు మనసొప్పల్యా."

రమాదేవి టెస్ట్‌ట్యూబు తీసి బల్ల మీద పెట్టింది. సీసం సెన్సారును ఎలా పూసి చంపుతుందో, బి.ఎస్సీ. మొదటి సంవత్సరం పిల్లవాడికి చెప్పినట్టు, ఒక్కో ముక్కా విడదీసి చెప్పింది. ఆయన ముఖంలో నవ్వు కొంచెం కొంచెంగా ఇంకిపోయింది. మనిషి కుర్చీలో కూర్చుండిపోయాడు. కాసేపటికి, ఉన్న ఒక్క ఆయుధం బయటికి తీశాడు.

"సిటీలో దొరికేదంతా కల్తీ, మా అన్న పంపిందే స్వచ్ఛం అని ఇరవై ఏండ్ల నుంచి చెప్తాండేదెవరు? నూనె, కందిపప్పు, కారంపొడి... ఈ ఇంట్లో తార్నాక ఉప్పు తప్ప ఏదన్నా కొననిచ్చినావా?"

అది నిజం. నిజం కావడం వల్ల రమాదేవికి వచ్చిన కోపం ముందు వచ్చిన కోపాలన్నిటినీ మించిపోయింది. పెట్రోలును కూడా శనగనూనె లెక్కన చూసే మొగుడి మీద, ఆ లెక్క నేర్పిన తన మీద, ఏమీ తెలియక ప్రేమగా డబ్బాలు పంపుతున్న అన్న మీద. ముగ్గుర్నీ ఒకేసారి తిట్టడానికి మాట దొరక్క ఆవిడ వంటింట్లోకి వెళ్ళి గిన్నెలన్నీ మళ్ళీ తోమింది. తోమినవే.

ఆదివారం పొద్దున్న ఆరింటికల్లా ఇద్దరూ కారు దగ్గరున్నారు. ల్యాబు నుంచి తెచ్చిన రబ్బరు బల్బు పంపుతో ట్యాంకులోని ప్రొద్దుటూరు పెట్రోలంతా డబ్బాల్లోకి తోడించింది ఆయనతోనే. "ఇంకా ఉంది. నొక్కండి." అరచేతులు ఎర్రబడ్డాయి. ఆయన నొక్కుతూనే ఉన్నాడు.

తర్వాత కొత్త పెట్రోలు కావాలి. ఆయన "నేను పోయొస్తా" అన్నాడు. రమాదేవి ఆయన చేతిలోంచి ఖాళీ డబ్బా లాక్కుని తనే వెళ్ళింది. సామేలు చర్చికి పోయే తెల్ల చొక్కాలోనే డ్యూటీకి వచ్చి ఉన్నాడు. డబ్బా నింపి, మూత బిగించి, అడిగాడు.

"గిది గూడ గాజు గొట్టంల పోసి చూస్తరా అమ్మా?"

"చూడను." ఆవిడ డబ్బా అందుకుంది. "నిన్న నేనన్నది తప్పు సామేలూ. నలుగురిలో అన్నాను, నలుగురిలోనే చెప్తున్నాను."

"నలుగురేడున్నరమ్మా, పొద్దున్నే? ఎవ్వరు లేరు" అన్నాడు సామేలు అటూ ఇటూ చూసి. "మళ్ళొక్కపారి సాయంత్రం రాండ్రి, అప్పుడైతే మంది ఉంటరు." ముఖం మాత్రం నవ్వలేదు.

సాయంత్రం మళ్ళీ వస్తానని చెప్పి, ఈసారి తన మీదే ఇంకో రకం కోపంతో ఇంటికొచ్చి, సెన్సార్ పని పట్టింది. కొత్త సెన్సారు మరకు గ్రాఫైటు పొడి పామింది, ముక్కుకు తగలకుండా. ముందు వేళ్ళతోనే తిప్పింది, మర తిన్నగా కూర్చునేదాకా. తర్వాత పానాతో బిగించింది. వైరు క్లిప్పు టక్కుమంది. బ్యాటరీ వైరు ఒకటి విప్పి, కంప్యూటరు పాత బాధ మరిచిపోయేదాకా అరగంట వదిలేసింది. ఓబులేసుగారు గొడుగు పట్టుకుని ఆవిడ నెత్తిన నీడ పడేలా నిలబడ్డాడు. అవసరమా అని ఆవిడ అడగలేదు, వద్దని కూడా అనలేదు.

తాళంచెవి తిప్పితే డాష్‌బోర్డు మీద దీపాలన్నీ వెలిగాయి. ఇంజను స్టార్టయింది. ఒక్కొక్క దీపం ఆరింది. ఆఖరున ఆ పసుపుది కూడా ఆరింది. ఆవిడ హబ్సిగూడ దాకా వెళ్ళి తిరిగొచ్చింది. దగ్గులేదు, పొగలేదు, దీపం లేదు. గోడవతల పేపరాయన, "ప్లగ్గులేనా?" అన్నాడు.

అయిదింటికి గిరీష్ నడుచుకుంటూ వచ్చాడు. చేతిలో తోలు సంచి. నెత్తిన చెమట. కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసి మురిసిపోయాడు.

"తాళాలిస్తరా అన్నా? మా ఇంట్ల అందరు ఎదురుచూస్తున్నరు."

రమాదేవి బానెట్టుకు ఆనుకుని నిలబడింది. "చెప్పండి" అంది భర్తతో.

"అదీ... గిరీష్... మా ఆవిడకు మనసొప్పల్యా..."

"నా మనసు సంగతి కాదు. పెట్రోలు సంగతి చెప్పండి."

ఓబులేసుగారు చెప్పాడు. ప్రొద్దుటూరు డబ్బాల నుంచి టెస్ట్‌ట్యూబు దాకా, ఒక్కటి దాచకుండా. గిరీష్ మొదట నవ్వాడు. తర్వాత కారు ఇవ్వడం లేదని అర్థమై ఎర్రబడ్డాడు.

"గట్లెట్ల అన్నా? నువ్వు మాటిచ్చినవని నా స్కూటర్ నిన్న అమ్మేసిన నేను! రేపు ఆఫీసుకు ఎట్ల రావాలె? నడుసుకుంట రావాల్నా?"

"అది కాదబ్బా, మాట..."

"మాట ఉన్నది గదా! నీ మాట మీదనే గదా అమ్మిన!"

వీధి గోడల వెంబడి మళ్ళీ తలలు లేచాయి. ఓబులేసుగారు తల దించుకున్నాడు. ఇచ్చిన మాట తప్పడం ఆ మనిషికి చేత కాదు, అది రమాదేవికి తెలుసు. కారు ఇవ్వడం ఆవిడకు చేత కాదు. ఆవిడ లోపలికి వెళ్ళి మేకుకు వేలాడుతున్న తాళంచెవి తెచ్చి గిరీష్ చేతిలో పెట్టింది. స్కూటరుది.

"ఈయన మాటిచ్చినారు కాబట్టి బండి తీసుకోండి. మీరు అమ్మినదానికి ఎంత వచ్చిందో అంతే ఇవ్వండి. కండిషన్‌లో ఉంది. ట్యాంకు నిండా ప్రొద్దుటూరు పెట్రోలు పోసి ఇస్తాం. దీనికి సెన్సార్ లేదు, ఏమీ కాదు."

"మే!" అన్నాడు ఓబులేసుగారు. "నన్నడగకుండానే నా స్కూటరు ఎట్ల..."

సగంలో ఆగిపోయాడు. రమాదేవి ఆయన వైపు చూస్తూ నిలబడింది, ఆ వాక్యం పూర్తిచేస్తాడేమోనని. ఆయన పూర్తిచేయలేదు. వంగి డబ్బా ఎత్తి, స్కూటరు ట్యాంకు మూత తీసి, ఒక్క చుక్క కింద పడకుండా పోయడం మొదలుపెట్టాడు.

గిరీష్ రెండు తన్నులకు స్టార్టు చేసి, వంగిన గేటు పక్క నుంచి జాగ్రత్తగా బయటికి పోనిచ్చాడు. శబ్దం వీధి మలుపు తిరిగేదాకా ఓబులేసుగారు చూస్తూనే ఉన్నాడు.

"రేపు ఆఫీసుకు నేనెట్ల పోవాల?"

రమాదేవి పానా తుడిచి పెట్టెలో వేస్తోంది, బంకుకు వెళ్ళి సామేలుకిచ్చిన మాట తీర్చడానికి. గొంతు ఇంకా పైకి రాలేదు.

"తొమ్మిదీ పదికి గేటు దగ్గరుండండి. ఒక్క నిమిషం దాటినా ఆగను."

సోమవారం ఆయన ఎనిమిదీ యాభైకే వచ్చి, టిఫిన్ క్యారియరు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు.